జీన్ గ్రే చావు దగ్గర మొదలైన గొడవ

ఎక్స్-మెన్ (పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల గురించి మార్వెల్ వేసే కామిక్స్) చదివేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే మొదట కాసేపు బాగానే గడుస్తుంది. నీకెవరంటే ఇష్టం, ఏ సంచికలున్నాయి నీ దగ్గర, ఎవరు బొమ్మలు వేసిన రోజులు నీకు నచ్చాయి, ఇలాంటి మాటలు. ఆ తర్వాత ఎవరో ఒకరు అందులో చచ్చి తిరిగొచ్చిన జీన్ గ్రే పేరెత్తుతారు, ఈ మధ్య అయితే మ్యూటెంట్లు తమ దేశంగా చేసుకున్న క్రకోవా ద్వీపం పేరెత్తుతారు, ఇక అక్కణ్ణుంచి గొంతులు లేస్తాయి. నేనూ మా మేనమామ కొడుకూ చిన్నప్పట్నుంచీ ఇలాగే పోట్లాడుకుంటున్నాం. బావ హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు, నేను న్యూజెర్సీ వచ్చి పడ్డాను, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, గొడవ మాత్రం ఎక్కడ వదిలామో అక్కణ్ణుంచే మళ్లీ మొదలవుతుంది.

2024 జూన్‌లో ఎక్స్-మెన్ 35వ సంచికతో, పాత లెక్క ప్రకారం 700వ దానితో, క్రకోవా కథకి తెర దించారు. ఐదేళ్ల కథ. నాకు నిజంగా మనసు పాడైపోయింది. బావ మాత్రం "హమ్మయ్య, పీడ విరగడైంది" అని వాట్సాప్‌లో పెట్టాడు. అప్పట్నుంచీ ఇది రాయాలని ఉంది. ఎందుకంటే ఈ పుస్తకం చదివేవాళ్లు ఇలా రెండుగా చీలిపోవడం కొత్తేం కాదు, దానికి చాలా పెద్ద చరిత్ర ఉంది, ఆ చరిత్రలో చాలా భాగం మా ఇద్దరి మధ్యే మళ్లీ జరిగింది.

మేం ఎక్స్-మెన్‌లోకి వచ్చింది కేబుల్ టీవీ కార్టూన్ ద్వారా. తర్వాత అబిడ్స్. ఆదివారం పూట అక్కడ షాపులన్నీ మూసేస్తే వాటి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్లు కదా, ఇంజనీరింగ్ గైడ్ల పక్కన, పాత ఇంగ్లిష్ మ్యాగజైన్ల కింద, అమెరికా నుంచి ఎలా వచ్చి చేరాయో గానీ మార్వెల్ కామిక్స్ దొరికేవి. అట్ట చిరిగినవీ, మధ్యలో పేజీలు పోయినవీ. గోథమ్ కామిక్స్ వాళ్లు మార్వెల్ పుస్తకాల్ని ఇండియాలోనే అచ్చేసి అమ్మడం ఆ తర్వాతి సంగతి. అంతకుముందు మాకు ఫుట్‌పాతే దిక్కు. అక్కడ వరుస అంటూ ఏముంటుంది? ఈ వారం 1988 నాటి సంచిక దొరుకుతుంది, వచ్చే నెల 1981ది, దాని తర్వాతిది ఎప్పటికీ దొరకదు. మధ్యలో ఏం జరిగిందో మేమే ఊహించుకునేవాళ్లం, ఆ ఊహల మీద కూడా వాదించుకునేవాళ్లం.

అసలు తేడా అక్కడే వచ్చింది. బావకి మొదట దొరికింది జీన్ చనిపోయే కథ, క్లాసిక్ ఎక్స్-మెన్ అనే రీప్రింట్ సిరీస్‌లో. నాకు మొదట దొరికినవి ఎక్స్-ఫ్యాక్టర్ సంచికలు, అంటే ఆమె తిరిగొచ్చాక జరిగేవి. ఆమె పోయిందని అతను ఏడ్చాడు (నిజంగానే ఏడ్చాడు, నేను పక్కనే ఉన్నాను). నాకేమో ఆమె ఎప్పుడూ బతికున్న మనిషే.

తెలియనివాళ్ల కోసం వెనక్కి వెళ్లి చెప్తాను. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1963లో మొదలుపెట్టిన ఈ పుస్తకం మొదట్లో అంతగా ఆడలేదు. 1970 నుంచి ఐదేళ్లపాటు కొత్త కథలే లేవు, పాతవే మళ్లీ అచ్చేసి నెట్టుకొచ్చారు. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ జెయింట్-సైజ్ ఎక్స్-మెన్ అనే ఒకే ఒక్క సంచికతో స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్ లాంటి కొత్తవాళ్లని తెచ్చారు. ఆ వెంటనే క్రిస్ క్లేర్‌మాంట్ రాయడం మొదలుపెట్టి 1991 దాకా వదల్లేదు. ఒకే మనిషి పదహారేళ్లు ఒకే పుస్తకం మీద కూచుంటే ఏమవుతుందంటే, ఆ పాత్రలు ఇంట్లో మనుషుల్లా అయిపోతాయి. ఎవరికి ఎవరంటే పడదో, ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో పాఠకుడికి అన్నీ గుర్తుంటాయి. ఈ గొడవలన్నిటికీ మూలం ఆ గుర్తుండడమే.

1980లో వచ్చిన 137వ సంచిక సంగతి. బొమ్మలు జాన్ బర్న్‌వి. ఫీనిక్స్ అనే విశ్వశక్తి తలకెక్కి జీన్ ఒక నక్షత్రాన్ని మింగేసింది, దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదు వందల కోట్ల ప్రాణాలు పోయాయి. అందుకు షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం వాళ్లు ఆమె ప్రాణం అడుగుతారు. ఎక్స్-మెన్ ఆమె పక్షాన చంద్రుడి మీద పాత శిథిలాల్లో పోరాడతారు. ఒక్కొక్కరే పడిపోతారు, చివరికి స్కాట్ (సైక్లాప్స్ అంటే ఇతనే, జీన్ ప్రేమించిన మనిషి), జీన్ మిగులుతారు. ఆమె ఒంటి మీద ఫీనిక్స్ డ్రెస్ ఉండదు, తను మార్వెల్ గర్ల్‌గా ఉన్నప్పటి పాత ఆకుపచ్చ డ్రెస్ ఉంటుంది. తనలో ఆ శక్తి మళ్లీ లేస్తోందని తెలిసి స్కాట్‌ని మనోబలంతో కదలకుండా ఆపేసి, ఆ శిథిలాల్లో ఉన్న పాత ఆయుధం ముందు తనే నిలబడుతుంది. వెలుగు, ఆ తర్వాత ఏమీ లేదు. స్కాట్ కుప్పకూలిపోతాడు. మామూలుగా ఇలాంటి పుస్తకాల్లో హీరోని కాపాడటానికి ఏదో ఒక ఉపాయం ఉంటుంది కదా, బావ పేజీ తిప్పి ఆ ఉపాయం కోసం వెతికాడు. లేదు.

రచయితలు ముందు అనుకున్నది అది కాదు. జీన్ శక్తులు తీసేసి ఆమెని బతికించే ముగింపే గీశారు కూడా. మార్వెల్ ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్ అడ్డుపడ్డాడు. అన్ని కోట్ల ప్రాణాలు తీసిన మనిషికి ఆ మాత్రం శిక్ష చాలదన్నాడు. చివరి పేజీలు మార్చి గీశారు. పాత ముగింపుని 1984లో విడిగా పుస్తకంగా వేశారు, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే షూటర్ మాటే సరైందని నాకనిపిస్తుంది. ఆ చావు లేకపోతే ఆ కథకి అంత బరువు ఉండేది కాదు. ఇక్కడిదాకా బావా నేనూ ఒకే మాట మీద ఉంటాం.

ఆ తర్వాత 1986. మొదటి ఐదుగురు ఎక్స్-మెన్‌నీ మళ్లీ కలిపి ఎక్స్-ఫ్యాక్టర్ అనే పుస్తకం వేయాలనుకున్నారు. ఐదుగురిలో ఒకరైన జీన్ బతికి లేదు కాబట్టి ఎలాగోలా బతికించాలి. కర్ట్ బ్యూసిక్ అనే రచయిత ఇంకా అభిమానిగానే ఉన్న రోజుల్లో సరదాగా చెప్పిన ఆలోచన చేతులు మారి మార్వెల్ దాకా వచ్చింది: అసలు చనిపోయింది జీన్ కాదు, ఫీనిక్స్ శక్తి ఆమె రూపం వేసుకుని తిరిగింది, నిజం జీన్ న్యూయార్క్‌లోని జమైకా బే అడుగున ఒక గూడులో నిద్రపోతోంది. అవెంజర్స్‌లోనూ ఫెంటాస్టిక్ ఫోర్‌లోనూ ఆమెని బయటికి తీసి ఎక్స్-ఫ్యాక్టర్‌లో చేర్చారు.

బావకి ఇది దొంగతనం. అతని మాటల్లోనే చెప్తాను: "నా చేత ఏడిపించి, ఐదేళ్ల తర్వాత వచ్చి నువ్వు ఏడ్చింది ఎవరి కోసమో కాదు, ఒక మాయరూపం కోసమంటే ఎట్లరా?" పైగా దాని వెనక ఇంకో అన్యాయం ఉంది. ఈలోగా స్కాట్‌కి మ్యాడెలిన్ ప్రయర్‌తో పెళ్లయింది, పసిబిడ్డ ఉన్నాడు. జీన్ బతికుందని ఫోన్ రాగానే స్కాట్ పెళ్లాన్నీ బిడ్డనీ అలాస్కాలో వదిలేసి న్యూయార్క్ వచ్చేశాడు. అప్పటిదాకా ఈ పుస్తకంలో అందరికంటే నిఖార్సయిన మనిషి అతను. ఆ మచ్చ పోగొట్టడానికి తర్వాత మ్యాడెలిన్ జీన్‌కి క్లోన్ అన్నారు, 1989 నాటికి ఆమెని రాక్షసిని చేసి చంపేశారు. మొగుడు వదిలేసిన ఆడమనిషిని విలన్‌గా చూపించి మొగుణ్ణి కడిగేయడం. మా అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మ, ఒకసారి వంటింట్లోంచి ఈ కథ విని "ఆ పిల్ల చేసిన తప్పేంటి?" అని అడిగింది. ఇంతవరకూ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

ఇన్ని ఒప్పుకుంటూనే నేను ఎక్స్-ఫ్యాక్టర్ వైపు ఉంటాను. లూయీస్ సైమన్సన్ రాసి, వాల్టర్ సైమన్సన్ బొమ్మలు వేసిన రోజుల్లో ఆ పుస్తకం అద్భుతంగా ఉండేది. ఏంజెల్ రెక్కలు తీసేయడం, అతను ఆశ వదిలేసుకోవడం, అపోకలిప్స్ అనే విలన్ వచ్చి లోహపు రెక్కలిచ్చి మృత్యువు పేరుతో తన గుర్రపు రౌతుల్లో కలుపుకోవడం, ఇవన్నీ ఆ అన్యాయమైన పునాది మీద కట్టినవే. పునాది చెడ్డదని ఇల్లు కూల్చేయమనలేను. జీన్ ఆ ఇంట్లోనే నాకు పరిచయమైంది.

అమెరికాలో పెద్దవాళ్లు చదువుతూ కొట్టుకున్న ఆ గొడవనే పదేళ్లు ఆలస్యంగా మేం రాంనగర్ మేడ మీద కొట్టుకున్నాం. అప్పుడు వాళ్లకి ఉత్తరాల పేజీలుండేవి, మాకు మేమే.

1991 గురించి పెద్దగా చెప్పను. జిమ్ లీ బొమ్మలతో కొత్త ఎక్స్-మెన్ మొదటి సంచిక ఐదు రకాల అట్టలతో ఎనభై లక్షలకి పైగా కాపీలు పోయింది, గిన్నిస్ రికార్డు ఇప్పటికీ దానిదే. ఆ మూడో సంచికతోనే క్లేర్‌మాంట్ వెళ్లిపోయాడు. ఆ తర్వాతి కొన్నేళ్ల కథల్లో చాలావాటికి బొమ్మలే తప్ప మనుషుల్లేరు, నా ఉద్దేశంలో.

2001లో గ్రాంట్ మోరిసన్ రచన, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలతో న్యూ ఎక్స్-మెన్ వచ్చింది. రంగురంగుల డ్రెస్సులు పోయి తోలు జాకెట్లు వచ్చాయి, బీస్ట్ పిల్లి మొహంలోకి మారాడు, రెండు మూడు సంచికల్లోనే మ్యూటెంట్లుండే జెనోషా ద్వీపం మీద కోటీ అరవై లక్షల మ్యూటెంట్లని సెంటినెల్స్ అనే వేట రోబోలు ఊచకోత కోశాయి. మేం ఇంజనీరింగ్‌లో ఉన్నాం. నాకు ఆ పుస్తకం చదివితే కిటికీ తెరిచినట్టుండేది. బావకి అది ఎక్స్-మెన్‌లాగే కనిపించలేదు. ఇక్కడ మా ఇద్దరికీ మంట పెట్టిన సంగతి వేరే ఉంది. జోర్న్ అనే శాంత స్వభావుడైన వైద్యుడు నిజానికి మారువేషంలో ఉన్న మాగ్నీటో, అంటే ఎక్స్-మెన్ పాత శత్రువు, అని మోరిసన్ బయటపెట్టారు, మాగ్నీటో చేతిలో జీన్ మళ్లీ చనిపోయింది, రచయిత వెళ్లిపోయారు. ఆ మరుసటి పుస్తకాల్లోనే అబ్బే, అతను మాగ్నీటో కాదు, నిజంగా జోర్నే అన్నారు. ఆ మలుపు నచ్చినవాళ్లకీ నచ్చనివాళ్లకీ అది అవమానమే. చదివి, బాధపడి, నమ్మి ఒక అభిప్రాయానికి వచ్చాక, నువ్వు చదివింది జరగలేదు అని చెప్తే ఇక దేన్ని పట్టుకుని చదవాలి?

2005లో స్కార్లెట్ విచ్ అనే మంత్రగత్తె ఒక్క మాటతో మ్యూటెంట్ల శక్తులన్నీ పోగొట్టింది. లక్షల మంది నుంచి 198 మంది మిగిలారు అన్నారు. అక్కణ్ణుంచి పదేళ్లకి పైగా ఈ పుస్తకం బతికిబట్టకట్టడం గురించే. 2012లో సైక్లాప్స్ చేతుల్లోనే ప్రొఫెసర్ ఎక్స్, అంటే స్కూలు పెట్టి వీళ్లందర్నీ పెంచిన జేవియర్, చనిపోయాడు. ఎక్స్-మెన్ చదవడం అప్పట్లో నాకు ఇంట్లో ఎప్పుడూ ఎవరికో ఒకరికి బాగోలేనట్టు ఉండేది. చదవడం మానలేదు, కానీ బుధవారం కోసం ఎదురుచూడటం మానేశాను. (అమెరికాలో కొత్త కామిక్స్ వచ్చేది బుధవారం.)

ఇదంతా ఎందుకు చెప్పానంటే, 2019 జులైలో హౌస్ ఆఫ్ ఎక్స్ మొదటి సంచిక వచ్చినప్పుడు మాలాంటివాళ్లు ఎందుకంత కదిలిపోయారో, ఎందుకు అంతగా చీలిపోయారో ఈ సామానంతా తెలిస్తే తప్ప అర్థం కాదు.

రచన జోనథన్ హిక్‌మన్, బొమ్మలు పెపె లారాజ్. దానితో పాటే ఆర్.బి. సిల్వా బొమ్మలతో పవర్స్ ఆఫ్ ఎక్స్. రెండూ కలిపి పన్నెండు సంచికలు, వారం వారం వచ్చాయి. మ్యూటెంట్లు స్కూలు వదిలేశారు. 1975 నాటి ఆ జెయింట్-సైజ్ సంచికలో ఎక్స్-మెన్ పోరాడిన బతికున్న ద్వీపం క్రకోవానే ఇప్పుడు వాళ్ల దేశం. అందులో పాత శత్రువులకి కూడా చోటుంది, అపోకలిప్స్, సినిస్టర్, మిస్టిక్ అందరూ జేవియర్‌తో ఒకే సభలో కూచుంటారు. వాళ్లు తయారుచేసే మందులు మనుషులకి కావాలి, వాటికి బదులుగా ప్రపంచం వాళ్లని దేశంగా ఒప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చావు లేదు. ఐదుగురు మ్యూటెంట్లు తమ శక్తులు కలిపి చనిపోయినవాళ్ల శరీరాల్ని గుడ్లలో పెంచుతారు, సెరెబ్రో అనే యంత్రంలో దాచిన మనసుని జేవియర్ తిరిగి నింపుతాడు.

నాలుగో సంచికలో స్కాట్, జీన్, వుల్వరిన్, నైట్‌క్రాలర్, ఇంకా వాళ్లతో వెళ్లిన అందరూ సూర్యుడి దగ్గర ఒక సెంటినెల్ కేంద్రాన్ని పగలగొట్టడానికి వెళ్లి చనిపోయారు. ఐదో సంచికలో ద్వీపంలో జనం ముందు స్టార్మ్ నిలబడి, తిరిగొచ్చిన వాళ్లని ఒక్కొక్కర్నీ పిలుస్తుంది. ఇప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన ఒళ్లు, మీద బట్ట కూడా లేదు. నువ్వు నువ్వేనా అని రుజువు చూసి, జనానికి చూపిస్తుంది, జనం కేకలేస్తారు. నేను ఆ పేజీలు మా ఊరి కామిక్స్ షాపులోనే నిలబడి చదివేశాను, ఇంటికెళ్లేదాకా ఆగలేదు. నా పక్కన ఒక పెద్దాయన, 1975 నుంచి చదువుతున్నాయన, తన కాపీ మూసి కౌంటర్ మీద పెట్టి, ఇది పిచ్చి మతంలా ఉంది అన్నాడు. కౌంటర్ వెనకున్న కుర్రాడు ఇన్నాళ్లకి మనవాళ్లు గెలిచారు అన్నాడు. అదే పేజీ, ఇద్దరూ చెప్పింది నిజమే. స్టార్మ్ గొంతులో భక్తి ఉన్నమాట నిజం, ఆ భక్తి భయం పుట్టించేలా ఉన్నమాటా నిజం. ఆ తర్వాతి ఐదేళ్లూ పాఠకులు కొట్టుకుంది ఈ రెండు మాటల మీదే.

బావ అభ్యంతరం ఏంటంటే, చావు లేని చోట కథ ఎక్కడుంటుందని. ఎవరు పోయినా వచ్చేవారం లేచొస్తారంటే నేనెందుకు టెన్షన్ పడాలి అని. దానికి నేను చెప్పిన జవాబు మన భారతంలోదే. శుక్రాచార్యుడి దగ్గర మృతసంజీవని విద్య ఉంది, చచ్చిన రాక్షసులు ఎప్పటికప్పుడు లేచొస్తున్నారు, దేవతలకి ఏం చేయాలో పాలుపోక కచుణ్ణి ఆయన దగ్గరికి శిష్యుడిగా పంపారు. చావు లేకపోవడం వల్ల అక్కడ కథ ఆగిందా, మొదలైందా? కచుణ్ణి చంపడం, బూడిద చేసి గురువు చేతే తాగించడం, దేవయాని ఏడుపు, శాపం, అన్నీ ఆ విద్య చుట్టూనే కదా. క్రకోవాలోనూ అంతే. ఎవర్ని ముందు బతికించాలి? వరుసలో ఎవరుండాలి? మనుషులు ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? తిరిగొచ్చిన మనిషి పాత మనిషేనా? అంతకుముందు చావుల్ని రచయితలు చాటుగా వెనక్కి తీసుకునేవాళ్లు, జమైకా బే అడుగున గూడు పెట్టి. హిక్‌మన్ దాన్ని బాహాటంగా కథలోకే తెచ్చి, జెనోషాలో పోయిన ఆ కోటీ అరవై లక్షల మందినీ మేం వెనక్కి తెచ్చుకుంటాం అని పాత్రల చేతే అనిపించాడు. 1986 నాటి అప్పు తీర్చినట్టే అనిపించింది నాకు. బావ కాదంటాడు, అప్పుని రద్దు చేశారంటాడు.

దీని మీద మా ఇద్దర్నీ అందరికంటే ఎక్కువ కుదిపిన సంచిక ఒకటుంది, 2020లో వచ్చిన ఎక్స్-మెన్ 7. శక్తులు పోగొట్టుకున్న మ్యూటెంట్లు (2005 నాటి ఆ మాట వల్ల పోయినవాళ్లు) వాటిని తిరిగి పొందాలంటే చచ్చి పుట్టాలి. తమంతట తామే చచ్చిపోతే అది ఆత్మహత్య కిందికొస్తుంది కాబట్టి ఒక ఆచారం పెట్టారు: అందరి ముందూ అపోకలిప్స్‌తో కత్తి పట్టి పోరాడి అతని చేతిలో చావాలి. ఆ రోజు వంతు మెలడీ గత్రీది. గత్రీల ఇంటి పిల్ల, ఒకప్పుడు ఎగరగలిగేది. ఆ పిల్ల లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. అన్నలూ అక్కలూ చూస్తూ ఉంటారు. ఇటు సైక్లాప్స్, నైట్‌క్రాలర్ దీని గురించే మాట్లాడుకుంటూ ఉంటారు, నైట్‌క్రాలర్ దేవుణ్ణి నమ్మేవాడు, అతనికి ఇది మింగుడుపడదు, ఆత్మ సంగతేంటి అని అడుగుతాడు. చివరికి ఆ పిల్ల చనిపోతుంది, కొత్త ఒంటితో లేస్తుంది, ఎగురుతుంది. ఆనందపడాలో కడుపులో తిప్పాలో తెలియని పేజీ అది.

బావ ఆ సంచిక చదివి ఫోన్ చేశాడు. మెసేజ్ పెట్టే ఓపిక కూడా లేదు అతనికి. "పిల్లని నరుకుతుంటే స్కాట్ నిలబడి చూస్తాడా? ఈ మనిషి ఆ మనిషేనా?" అని. నేనన్నాను, బావా, ఆ ప్రశ్న పుస్తకమే అడుగుతోంది, నైట్‌క్రాలర్ చేత అడిగిస్తోంది, అంటే అది తెలియక రాసింది కాదు అని. క్రకోవా నాకు నచ్చింది అందుకే. అది స్వర్గం అని చెప్పి ఊరుకోలేదు. స్వర్గం కట్టుకోవడానికి ఏమేం ఒప్పుకున్నారో కూడా చూపించింది. అతను దానికీ ఒప్పుకోలేదు. ప్రశ్న అడిగితే చాలదు, అడిగినవాడు ఆపాలి అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

స్కూలా ద్వీపమా అన్నది ఇంకో గొడవ. జేవియర్ కల ఏంటంటే మనల్ని ద్వేషించేవాళ్ల మధ్యే బతికి, వాళ్లని కాపాడుతూ, ఎప్పటికైనా మారతారని నమ్మడం. యాభై ఏళ్లకి పైగా ఈ పుస్తకం ఆ కల మీదే నడిచింది. అమెరికాలో నల్లవాళ్లూ గే పాఠకులూ దీన్ని తమ కథగా చదువుకున్నది కూడా ఆ కల వల్లే. ఎంతకాలం మంచిగా ఉండి నిరూపించుకోవాలి అని విసిగిపోయినవాళ్లకి క్రకోవా ఊపిరి పోసింది. జాతికో దేశం అనే ఆలోచనే ప్రమాదం, ఎక్స్-మెన్ దానికి విరుగుడుగా పుట్టిన పుస్తకం అని ఇంకొందరు భయపడ్డారు. రెండో మాటని తేలిగ్గా తీసేయడానికి లేదు.

ఇందులో నా స్వార్థం ఒకటుంది. నేను పరాయి దేశంలో వీసా మీద బతికిన మనిషిని. ఆఫీసులో అందరికంటే మెత్తగా మాట్లాడి, ఎవరి మనసూ నొప్పించకుండా, నా పేరుని వాళ్లు ఎలా పలికితే అలాగే పలకనిచ్చి ఏళ్లు గడిపాను. శనివారం సాయంత్రం ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్ మీదికి వెళ్తే చుట్టూ తెలుగు వినపడుతుంది, అప్పుడు భుజాలు వాటంతటవే దిగుతాయి. స్టార్మ్ ముందున్న ఆ జనం కేకల్లో నాకు వినిపించింది అదే. బావ ఒకసారి అన్నాడు, "నువ్వు ఊరొదిలి వెళ్లినోడివి కాబట్టి నీకు ద్వీపం కావాలి. నేను పుట్టిన గల్లీలోనే ఉన్నా, నాకు పక్కింటోడితో సర్దుకుపోవడమే తెలుసు, నాకు స్కూలే ఎక్స్-మెన్" అని. నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ల వాదనలో అతను చెప్పిన వాటిల్లో అదే నన్ను ఎక్కువగా తాకింది.

2021లో ఎక్స్-మెన్ జట్టులో ఒకరిని పాఠకుల ఓట్లతో ఎన్నుకుంటాం అన్నారు. క్రకోవా అంటే మండిపడే బావ అందరికంటే ముందు ఓటేశాడు, కానన్‌బాల్‌కి. మెలడీ వాళ్ల అన్న అతను. గెలిచింది పొలారిస్. ఇంత తిట్టేవాడివి ఎందుకు ఓటేశావంటే, తిట్టేది నాది కాబట్టి తిడుతున్నా అన్నాడు. బయటివాళ్లకి ఇది అర్థం కాదు. పుస్తకం నచ్చకపోతే మానేయొచ్చుగా అంటారు. నచ్చనివాళ్లు నిజంగా ఎప్పుడో మానేశారు, మిగిలి అరిచేవాళ్లందరూ ప్రేమ ఉన్నవాళ్లే.

ఆ ఏడాది మొదలైన ఇన్‌ఫెర్నో అనే కథతో హిక్‌మన్ తప్పుకున్నాడు. పది జన్మలు ఎత్తి మ్యూటెంట్లని కాపాడే దారి వెతికిన మొయిరా మాక్‌టాగర్ట్, కథంతటికీ ఇరుసులాంటి మనిషి, ఆ తర్వాతి పుస్తకాల్లో ఒట్టి విలన్ అయిపోయింది. ఇక్కడ మాత్రం మా ఇద్దరికీ తేడా లేదు. ఆమె జన్మల్ని ఒకదాని తర్వాత ఒకటి గీసి చూపించిన ఆ హౌస్ ఆఫ్ ఎక్స్ రెండో సంచికని ఎంత శ్రద్ధగా కట్టారో, తర్వాత అంత తేలిగ్గా పాడుచేశారు. మ్యాడెలిన్‌కి చేసిందే మళ్లీ ఇంకో ఆడమనిషికి చేశారు. 2023 జులైలో మ్యూటెంట్ల వేడుక హెల్‌ఫైర్ గాలా సంచికలో ఆర్కిస్ అనే మనుషుల సంస్థ విరుచుకుపడింది. జేవియర్ తన వాళ్లందర్నీ చోటు నుంచి చోటుకి దాటించే క్రకోవా ద్వారాల్లోంచి పంపేయాల్సి వచ్చింది. ఇంకో ఏడాదికి క్రకోవా లేదు.

2024 మార్చిలో ఎక్స్-మెన్ 97 కార్టూన్ వచ్చింది, మా చిన్నప్పటి కార్టూన్‌కి కొనసాగింపు. అందులోనూ జెనోషా కూలిపోయింది. ఆ ఎపిసోడ్ చూసి మా ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు. అప్పటికీ బావ అన్నాడు, చూశావా, చావుకి విలువుంటే ఇలా ఉంటుంది అని.

ఇప్పుడు కొత్త పుస్తకాలు నడుస్తున్నాయి. జెడ్ మాకే రాసే ఎక్స్-మెన్‌లో స్కాట్ అలాస్కాలో పాత సెంటినెల్ ఫ్యాక్టరీని స్థావరం చేసుకున్నాడు. మ్యాడెలిన్‌నీ బిడ్డనీ వదిలేసి వచ్చిన అలాస్కానే అది, రచయిత కావాలని పెట్టాడో లేదో గానీ నేను ఆ మంచు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. గెయిల్ సిమోన్ రాసే అన్‌క్యానీ ఎక్స్-మెన్ లూసియానాలో జరుగుతుంది, రోగ్, గాంబిట్, కొత్తగా నలుగురు పిల్లలు. జేవియర్ స్కూలు భవనాన్ని మ్యూటెంట్ల జైలుగా మార్చేశారు. బావ ఈ అన్‌క్యానీని ఎంత సంతోషంగా చదువుతున్నాడో చెప్పలేను, పిల్లలు, వంటిల్లు, భయాలు, అన్నీ తిరిగొచ్చాయంటాడు. బాగుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రపంచాన్ని మార్చబోయిన మనుషులు మళ్లీ ఎవరి పెరట్లోనో తలదాచుకుంటుంటే చదవడం కష్టంగా ఉంది. అంత దూరం వెళ్లి ఎందుకు వెనక్కొచ్చారని నా బాధ. అంత దూరం వెళ్లింది దారి తప్పడం వల్లేనని అతని నమ్మకం.

క్రకోవాలో బతికిన వాళ్లలో చాలామంది చివర్లో వైట్ హాట్ రూమ్‌లో, ఫీనిక్స్ శక్తికి పుట్టిల్లులాంటి చోట, అక్కడే ఉండిపోయారు. జెనోషాలో పోయి తిరిగొచ్చినవాళ్లు, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు. కాలం అక్కడ వేరేగా నడుస్తుంది, వాళ్లకి అప్పటికే ఏళ్లు గడిచిపోయాయి. ఎవరూ వేటాడని చోట పెరిగిన పిల్లలు ఎలా ఉంటారో, వాళ్లు వేటి మీద దెబ్బలాడుకుంటారో, భూమ్మీద మిగిలిన స్కాట్, రోగ్ గురించి ఏమని చెప్పుకుంటారో, ఆ పుస్తకం ఎవరైనా రాయాలి. రాస్తే మొదటి రోజే కొంటాను. బావని అడిగితే వాళ్ల జోలికి వెళ్లొద్దంటున్నాడు, ఎవరో ఒక రచయిత వెళ్లి ఆ చోటుని కూడా కూల్చేస్తాడని. నిన్న రాత్రి గంటన్నర దీని మీదే మాట్లాడుకున్నాం, ఇంకా తేలలేదు.